గల్ఫ్ మీదుగా ఉమ్రా: ఇహ్రాం ఎక్కడ కట్టాలి, నియ్యత్ ఎప్పుడు చేయాలి

ఉమ్రాకి, అంటే ఏడాదిలో ఎప్పుడైనా చేయగల మక్కా యాత్రకి, హైదరాబాద్ నుంచి మక్కా దగ్గరున్న జిద్దాకి నేరుగా టికెట్ దొరక్కపోతే దుబాయ్, షార్జా, మస్కట్, దోహా, వీటిలో ఎక్కడో ఒకచోట విమానం మారాలి. మొదటి విమానం సుమారు నాలుగు గంటలు, రెండోది సుమారు మూడు గంటలు. మక్కా చేరాక ఏం చేయాలో అందరూ శ్రద్ధగా నేర్చుకునే వస్తారు. మధ్యలో దిగే ఎయిర్‌పోర్టులో ఏం చేయాలో మాత్రం ఎవరూ అడిగి తెలుసుకోరు. నేను చూసినంతలో తడబాటంతా అక్కడే.

మన వైపు నుంచి జిద్దా వెళ్ళే విమానాలు సాధారణంగా తాయిఫ్ దగ్గరున్న ఖర్నుల్ మనాజిల్ మీఖాత్ మీదుగా పోతాయి. మీఖాత్ అంటే యాత్రికులు ఇహ్రాం లేకుండా దాటకూడని హద్దు. ఇహ్రాం అంటే సువాసనలు వాడకపోవడం, మగవాళ్ళు తల కప్పకపోవడం లాంటి యాత్ర నిబంధనలు పాటించే స్థితి. అందుకు మగవాళ్ళు కట్టుకునే రెండు కుట్టని గుడ్డల్నీ ఇహ్రాం అనే అంటారు. గల్ఫ్ ఎయిర్‌పోర్టులన్నీ మీఖాత్‌కి అవతలే ఉన్నాయి, జిద్దా మాత్రం మీఖాత్ దాటాకే వస్తుంది. కాబట్టి ‘జిద్దాలో దిగాక కట్టుకుందాంలే’ అనుకోవడానికి లేదు. ఉమ్రా ఉద్దేశంతో బయల్దేరి, ఇహ్రాం లేకుండా మీఖాత్ దాటితే వెనక్కి వెళ్ళి అక్కడినుంచి మళ్ళీ రావాలి. అది కుదరకపోతే దమ్ ఇవ్వాలి, అంటే హరమ్ (మక్కా చుట్టూ ఉన్న పవిత్ర ప్రాంతం) పరిధిలో ఒక మేకనో గొర్రెనో జిబహ్ చేయించాలి, అంటే కోయించాలి.

విమానంలో మార్చుకోవడమూ నమ్మదగ్గ పని కాదు. మీఖాత్ వస్తోందని అరగంట ముందు చెప్తారు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా. అప్పుడు అందరూ ఒకేసారి లేస్తారు. ఉన్న రెండు మూడు టాయిలెట్ల ముందు క్యూ కడతారు. లోపల నేల తడి, మోచేతులు చాచడానికి చోటుండదు. చివర్లో ఉన్నవాళ్ళ వంతు వచ్చేసరికి మీఖాత్ దాటిపోతుంది.

నేనైతే విమానం మారేచోటే కట్టుకోమంటాను. గోళ్ళు తీసుకోవడం, గుస్ల్ (శుద్ధి స్నానం) ఇంట్లోనే అయిపోవాలి. ఎయిర్‌పోర్టులో నమాజు గది పక్కనే వుజూ (నమాజుకి ముందు చేతులు, ముఖం, కాళ్ళు కడుక్కోవడం) చేసుకునే చోటు ఉంటుంది. అక్కడ మార్చుకుని రెండు రకాతుల నమాజు చదువుకుంటే నిమ్మళంగా విమానం ఎక్కవచ్చు. కింది గుడ్డ కట్టేటప్పుడు కాళ్ళు మూరెడు ఎడంగా పెట్టి నిలబడాలి. కాళ్ళు దగ్గర పెట్టి బిగిస్తే మెట్లు ఎక్కలేరు. ఒక అంచు మీదికి రెండోది తెచ్చి, పైఅంచుని రెండు మూడు మడతలు కిందికి చుట్టి, దానిమీద జేబుల బెల్టు పెట్టుకుంటే జారదు. తొడలు ఒరుసుకుని మండకుండా వాసనలేని వాజెలిన్ ముందే రాసుకోండి. రెండు విమానాల మధ్య గంటే ఉంటే ఇవన్నీ జరగవు, సామాను కూడా వెనకే ఉండిపోవచ్చు. మూడు నుంచి ఐదు గంటల వ్యవధి ఉన్న టికెట్టే తీసుకోవాలి.

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుంచుకోవాలి. గుడ్డ కట్టినంత మాత్రాన ఇహ్రాంలోకి వచ్చినట్టు కాదు. నియ్యత్ (ఉమ్రా చేస్తున్నానన్న సంకల్పం) చేసి ‘లబ్బైక్ అల్లాహుమ్మ లబ్బైక్’ అన్నప్పుడే ఆ నిబంధనలు మొదలవుతాయి. అందాకా మగవాళ్ళు చలికి తల కప్పుకుని పడుకోవచ్చు, సువాసన సబ్బుతో చేతులు కడుక్కోవచ్చు. నియ్యత్ తర్వాత కంబళి భుజాల దాకానే కప్పుకోవాలి. భోజనం ట్రేలో వచ్చే తడి టిష్యూకి దాదాపు ఎప్పుడూ సువాసన ఉంటుంది. తెలిసినవాళ్ళు కూడా అలవాటుకొద్దీ దాన్ని చింపి ముఖం తుడుచుకుంటారు. ట్రే రాగానే దాన్ని పక్కన పెట్టేయండి. సీటు ముందున్న మ్యాపులో తాయిఫ్ దగ్గరపడుతుంటే ప్రకటన కోసం చూడకుండా నియ్యత్ చేసేయవచ్చు. మీఖాత్‌కి కాస్త ముందు చేసినా చెల్లుతుంది, దాటాక చేస్తేనే చిక్కు. నిద్రపట్టే వాళ్ళు పక్క సీటువాళ్ళకి లేపమని చెప్పుకోవాలి.

ఇహ్రాం గుడ్డలు, చెప్పులు, మందులు, ఒక జత మామూలు బట్టలు చేతి సంచిలోనే ఉండాలి. గుడ్డలు పెద్ద సూట్‌కేసులోకి వెళ్ళిపోతే మధ్యలో అది చేతికి రాదు.

ముసలివాళ్ళు వెంట ఉంటే ముందు మదీనా పెట్టుకోవడం మేలు. విమానంలో ఇహ్రాం అక్కర్లేదు. మదీనా నుంచి మక్కా బయల్దేరినప్పుడు ఊరి పక్కనే ఉన్న జుల్ హులైఫాలో, అంటే అబ్యార్ అలీలో, స్థిమితంగా కట్టుకోవచ్చు. నెలసరి రావచ్చనుకునే స్త్రీలు తేదీలు చూసుకుని మక్కా ముందా మదీనా ముందా తేల్చుకోవాలి. ఆ సమయంలోనూ మీఖాత్ దగ్గర నియ్యత్ చేయవచ్చు. తవాఫ్ (కాబా చుట్టూ ప్రదక్షిణ) మాత్రం శుద్ధి అయ్యాకే. మదీనాలోని ప్రవక్త మసీదులో రియాజుల్ జన్నా అనే చోట నమాజుకి, సౌదీ ప్రభుత్వ నుసుక్ యాప్‌లో పర్మిట్ కావాలి. కొద్ది రోజుల యాత్రలో అక్కడికి వెళ్ళాక వెతికితే దొరక్కపోవచ్చు, తేదీలు ఖాయమైన రోజే చూడాలి.

మక్కా చేరగానే అలసటతో తవాఫ్‌కి పరుగెత్తనక్కర్లేదు. ఇహ్రాంలోనే కాసేపు పడుకుని వెళ్ళవచ్చు. ఉమ్రాలో సఫా, మర్వా గుట్టల మధ్య ఏడుసార్లు నడవాలి. ఒక్కసారికి సుమారు 450 మీటర్లు, ఏడుసార్లకి మూడు కిలోమీటర్లు దాటుతుంది. అంతకుముందు ఏడు చుట్ల తవాఫ్ ఉంటుంది. కాళ్ళు వాచి విమానం దిగిన మనిషికి అది చిన్న నడక కాదు. నడవలేని వాళ్ళకి వీల్‌చైర్లు, పై అంతస్తులో బ్యాటరీ బండ్లు ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో జమ్‌జమ్ (మక్కాలోని పవిత్ర బావి నీరు) ఐదు లీటర్ల సీలు డబ్బానే కొనండి. సూట్‌కేసులో బట్టల మధ్య సీసాలు దాస్తే తీయించేస్తారు. రెండు విమానాలకీ విడివిడిగా టికెట్లు కొన్నవాళ్ళు, రెండో విమానంలో ఆ డబ్బాని ఎక్కిస్తారో లేదో టికెట్ కొనేటప్పుడే అడగాలి.