ర్యాలిలో స్వామి వెనకవైపు

రావులపాలెం సెంటర్లో దిగి ర్యాలికి ఆటో అడిగితే, అతను చెప్పిన రేటుకి బస్సులో రాజమండ్రి వెళ్లి టిఫిను కూడా చేసి రావచ్చు. ఎంత బేరమాడినా దిగలేదు. దారంతా కాలవలూ అరటితోటలూ కాబట్టి కోపం కాస్త చల్లారింది.

ర్యాలి గుళ్లోని జగన్మోహినీ కేశవస్వామి సంగతి మీకు తెలిసిందే: ఒకే నల్లరాయి, ముందు విష్ణువు, వెనక మోహిని. అర్ధనారీశ్వరుడి ఎదుట నిలబడితే ఆయన కుడి సగం శివుడు, ఎడమ సగం పార్వతి ఒక్క చూపులో కనబడిపోతారు. ఇక్కడ ఆ పప్పులుడకవు. ఒకరిని చూస్తుంటే రెండోవారు కనబడరు. పూజారి ముందు శంఖచక్రాలు చూపించారు, పాదాల దగ్గర ఊరే నీరు చూపించారు, తర్వాత దీపం పట్టుకుని వెనక్కి నడిచారు. ఏ గుళ్లోనైనా దేవుడి వీపు ఎప్పుడు చూశాం గనక! దీపం ఎత్తితే ముడిచిన కొప్పు, దించితే నడుము వంపు, ఇంకా కిందికి కాలి మీద పుట్టుమచ్చ. నా పక్కనున్న మామ్మగారు పెళ్లిచూపుల్లో పిల్లని చూసినట్టు ఆపాదమస్తకం చూసి, "పంతులుగారూ, కొప్పు దగ్గర ఇంకోసారి పెట్టండి దీపం" అన్నారు. ఆయన పెట్టారు.

తిరుమల బ్రహ్మోత్సవాల్లో అయిదో రోజు పొద్దున మలయప్పస్వామి మోహినిగా పల్లకీలో వస్తాడు. రాత్రికి ఆ అలంకారం తీసేసి గరుడవాహనం ఎక్కుతాడు. ర్యాలిలో తీసెయ్యడానికేం లేదు, రాతిలోనే ఉంది.

ఎదురుగుడి ఉమా కమండలేశ్వరుడిది. మోహిని వెంటపడి వచ్చిన శివుడు, ఆవిడ కొప్పులోంచి రాలిన పువ్వు వాసన చూసి తలెత్తేసరికి ఎదురుగా విష్ణువున్నాడట. పాపం, ఆయన గుడి పడమటి ముఖం, స్వామిది తూర్పు ముఖం. పరిగెత్తింది మోహిని కోసం, రోజూ కనబడేది కేశవుడు. మనం నాలుగడుగులు వేసి చూసొచ్చింది ఆయనకి దక్కదు. ఆ మాటే పైకి అంటే మామ్మగారు నవ్వేశారు. "ఆయనకేం లోటు నాయనా, తనలోనే సగం పార్వతమ్మ ఉందిగా!"

సాయంత్రం బొబ్బర్లంక వైపు వెళ్తూ ఆత్రేయపురంలో పూతరేకులు కొన్నాం. 2023లో జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి సరుకని ఇచ్చే భౌగోళిక గుర్తింపు) వచ్చిన సంగతి పెట్టె మీద పెద్దగా అచ్చేశారు. ఆ అచ్చు ఖర్చు కూడా మన దగ్గరే గుంజుతున్నట్టున్నారు.