జెనరేటర్ షెడ్‌లో ఉందా, బేస్‌మెంట్‌లోనా?

ఈ మధ్య ఒక సర్వైవల్ నవల, అంటే విపత్తు వచ్చినప్పుడు జనం ఎలా బతికి బయటపడతారో చెప్పే నవల, పూర్తి చేశాను, పూర్తి చేశాను అనేకంటే పంతం పట్టి చివరిదాకా లాగాను అనాలి. పేరు చెప్పను. రాసినాయన సొంతంగా వేసుకున్న పుస్తకం, ఆయన మీద నాకేం కోపం లేదు, నిజానికి పుస్తకంలో సరుకు లేకపోతే ఇంత బాధే ఉండేది కాదు, మూసేసి పక్కన పడేసేవాణ్ణి.

కథ ఈ తరహా అమెరికన్ నవలల్లో మామూలుగా వచ్చేదే. ఈఎంపీ (కరెంటు లైన్లను, ఎలక్ట్రానిక్ పరికరాలను పాడుచేసే విద్యుదయస్కాంత తరంగం) దాడి జరుగుతుంది, కరెంటు పోతుంది, కార్లు ఎక్కడివక్కడ ఆగిపోతాయి, ఐడహో రాష్ట్రం బోయిసీ నగరంలో ఉండే ఒక కుటుంబం అదే రాష్ట్రం ఉత్తరాన కోర్‌డలేన్ దాటాక అడవిలో ఉన్న మామగారి క్యాబిన్‌కి నడక మొదలుపెడుతుంది. మొదటి అధ్యాయాలు బాగున్నాయి. ఈఎంపీ ఉత్త కల్పన కాదని చెప్పడానికి 1962 జులైలో పసిఫిక్ మీద 400 కిలోమీటర్ల ఎత్తున అమెరికా అణుబాంబు పేల్చిన సంగతి, దాదాపు 1,400 కిలోమీటర్ల అవతల హొనొలులూలో కొన్ని వీధి దీపాలు ఆరిపోయిన సంగతి చక్కగా కథలో కలిపాడు. కొన్ని పేజీలు తిప్పాక అదే పేలుడు 1926లో జరిగిందని ఉంది! అణుబాంబు మొదటిసారి పేలిందే 1945లో కదా, ఒక్కళ్లు, రచయిత కాకుండా ఇంకొక్కళ్లు చదివినా అది దొరికేది.

అక్కణ్ణుంచి మొదలు. మంగళవారం బయలుదేరిన వాళ్లు శుక్రవారానికి క్యాబిన్ చేరిపోతారు, బోయిసీ నుంచి కోర్‌డలేన్‌కి రోడ్డు మీద 600 కిలోమీటర్లు, అదీ చిన్న పిల్లలతో, మంచులో, కొండదారిలో. హీరో చేతిలో .308 రైఫిల్, తర్వాత అధ్యాయంలో దానికి .30-06 తూటాలు ఎక్కిస్తాడు, అవి పొడుగు, అందులో పట్టనే పట్టవు. నదిలో కొట్టుకుపోయిన కుక్క రాత్రికి పొయ్యి పక్కన పడుకుని ఉంటుంది. (నేను వెనక్కి వెళ్లి ఆ నది సీను మళ్లీ చదివాను, కొట్టుకుపోయింది, అనుమానం లేదు, కూతురు ఏడ్చింది కూడా.) బావమరిది పేరైతే మధ్యలో మారిపోయి, చివర్లో మళ్లీ పాత పేరుకి వచ్చింది.

నవలల్లో తప్పులు కొత్తేం కాదు. 1719లో వచ్చిన రాబిన్సన్ క్రూసోలో హీరో బట్టలు విప్పేసి ఓడ దాకా ఈది, ఎక్కగానే జేబుల నిండా బిస్కెట్లు నింపుకుంటాడని ఆ రోజుల్లోనే ఆటపట్టించారు. అయినా మూడొందల ఏళ్లుగా జనం చదువుతూనే ఉన్నారు. కానీ ఈ రకం పుస్తకాలు కథ కోసం మాత్రమే కొనరు. నీళ్లు ఎలా శుభ్రం చెయ్యాలి, కరెంటు లేకుండా ఇల్లు ఎలా వెచ్చగా ఉంచుకోవాలి, ఇలాంటివి నేర్చుకుందామని కొంటారు, రచయిత కూడా ముందుమాటలో ఇందులోవన్నీ నిజంగా పనికొచ్చేవే అని చెప్పుకున్నాడు.

మేం ఉండేది డల్లాస్ దగ్గర. 2021 ఫిబ్రవరి మంచు తుఫానుకి టెక్సస్‌లో 45 లక్షలకు పైగా ఇళ్లకు కరెంటు పోయింది. అంతకు ముందు ఇలాంటి పుస్తకాలు చూసి నవ్విన మా తెలుగు వాళ్లే ఆ తర్వాత క్యాంపింగ్ స్టవ్వులు, నీళ్ల డబ్బాలు కొని గరాజ్‌లో పెట్టుకున్నారు. అప్పుడు చలికి పోయినవాళ్లతో పాటు, ఇంట్లోనో గరాజ్‌లోనో జెనరేటరో కారో ఆన్ చేసి, దాన్నుంచి వచ్చే విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌తో పోయినవాళ్లూ ఉన్నారు. ఈ నవలలో జెనరేటర్ మొదట బయట షెడ్‌లో ఉంటుంది, ఎందుకు బయటే పెట్టాలో మామగారు అరపేజీ క్లాసు కూడా పీకుతాడు. తుఫాను రాత్రి వచ్చేసరికి అది బేస్‌మెంట్‌లో నడుస్తూ ఉంటుంది, పైన పిల్లలు హాయిగా నిద్రపోతుంటారు. తాగే నీళ్లు శుభ్రం చెయ్యడానికి కలిపే బ్లీచ్ సంగతీ అంతే. ఒకచోట గ్యాలన్ నీళ్లకి ఎనిమిది చుక్కలు, అరగంట ఆగి తాగాలి అని సరిగ్గానే ఉంది, మామూలు ఆరు శాతం బ్లీచ్‌కి అదే లెక్క. ఇంకోచోట ఎనిమిది చెంచాలు అయింది. ఆయనకి తెలియక రాసింది కాదని పుస్తకమే చెప్తోంది, అందుకే నాకు ఇంకా చిరాకు.

రివ్యూల్లో చాలామంది ఐదు స్టార్లిచ్చి, అచ్చుతప్పులు ఉన్నా కథ పరిగెత్తింది అన్నారు. కథ పరిగెత్తింది, ఒప్పుకుంటాను, ఆ దోపిడీ ముఠా వంతెన దగ్గర కాపు కాసే సీను చదువుతుంటే అర్ధరాత్రి దాటినా పుస్తకం కింద పెట్టబుద్ధి కాలేదు. సొంతంగా వేసుకునేవాళ్లకి ఎడిటర్‌ని పెట్టుకోవడం ఖర్చేనని కూడా తెలుసు. కనీసం ఏ రోజు ఎవరు ఎక్కడున్నారు, ఎవరి దగ్గర ఏ తుపాకీ ఉంది, ఎవరు బతికున్నారు అని ఒక కాగితం మీద రాసుకుని, ఇలాంటి పుస్తకాలు చదివే స్నేహితుడెవరికైనా ప్రింటవుట్ ఇచ్చి, నీళ్లు, మంట, మందులు వచ్చే పేజీలు మాత్రం రెండుసార్లు చూడమని అడగొచ్చు కదా. రెండో భాగం అప్పుడే వచ్చేసిందట. నేను కొనను.