నట్టు లోపలే ఆగిపోయిన బోల్టు

ఇవాళ బండికి బిగించిన ఆ బోల్టు సంగతి తేలేదాకా మా చిన్నోణ్ణి బండి మీద ఒడిశా కొండల్లోని ఆర్. ఉదయగిరికి పంపేది లేదని ఇప్పుడే అనుకున్నాను. మా ఆయన పడుకున్నారు. పొద్దున్న లేవగానే చెప్పాలి.

ఇవాళ మా నాన్న స్ప్లెండర్‌కి లెగ్ గార్డు, అదే బండి పడితే కాలు నలగకుండా కాసే ఇనప గొట్టం, వేయించాం. ఎన్నాళ్లనుంచో ఇంట్లో నానుతున్న మాటే. వాడికి ఆ కొండల్లో ఉద్యోగం వచ్చినప్పటినుంచి నా ప్రాణం నా దగ్గర ఉండటం లేదు. వాన పడితే చాలు, ఘాట్ మలుపుల్లో మట్టీ కంకరా రోడ్డు మీదికి కొట్టుకొస్తాయి. మలుపు తిరిగేదాకా కనబడవు. బండి చూస్తే 2002 నాటిది. ట్యాంకు మీద ఇంకా హీరో హోండా అనే ఉంది, నంబరు ఓఆర్-20. పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పొడిగించుకుంటూ వస్తున్నాం. కొత్తది కొందామంటే వాడు వినడు. "తాతయ్య బండమ్మా" అంటాడు. ఆ మాట అన్నాక నేనేం మాట్లాడను?

కొట్టులో రెండు రకాలు చూపించారు. ఒకటి లావు గొట్టంది, ఎత్తితే చెయ్యి లాగేసేంత బరువు. రెండోది సన్నది. నేను లావుదే అన్నాను. వాడూ మెకానిక్కూ కలిసి సన్నది ఖాయం చేసేశారు. "పాత బండికి అంత బరువెందుకమ్మా" అన్నాడు మెకానిక్. డబ్బులిచ్చేది నేనైనా నా మాట చెల్లలేదు. దారి పొడుగునా ముభావంగానే ఉన్నాను.

అసలు చికాకు బిగించేటప్పుడు మొదలైంది. అన్ని మోడళ్లకీ సరిపోతుందని అమ్మింది ఈ బండికి సరిపోలేదు. కింద పట్టీ రంధ్రం ఒకచోట, ఇంజిన్ బోల్టు రంధ్రం ఇంకోచోట. "రెండు చుక్కలు వెల్డింగ్ పెట్టించేద్దాం, పక్కనే షాపుంది" అన్నాడతను. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఫ్రేముకి వెల్డింగా? పైన పెట్రోలు ట్యాంకు, లోపల ఇరవై ఏళ్లు దాటిన గొట్టం. ఆ వేడికి అతుకు పక్కన ఇనుము బలహీనపడితే ఎవరు చూడొచ్చారు? రేపు గార్డు తీయాలంటే ఫ్రేమునే కోయాలి. వద్దంటే వద్దన్నాను. ఇక ఆకురాయి తీసి పట్టీ రంధ్రాన్ని అరగదీశాడు. పాత బోల్టు తుప్పుపట్టి కదల్లేదు. కిరసనాయిలు పోసి నానబెట్టి, సుత్తితో తట్టి, ఎలాగో లాగాడు. అంతవరకూ పని ఓపిగ్గానే చేశాడు, కాదనను.

తరవాత ఆ బోల్టునే మళ్లీ పెట్టాడు.

మొదట ఆ బోల్టు పట్టుకోవాల్సింది ఇంజిన్నీ ఫ్రేమునీ. ఇప్పుడు గార్డు పట్టీలు రెండు వైపులా వచ్చి చేరాయి. మందం పెరిగింది, బోల్టు పొడవు పెరగలేదు. వంగి చూస్తే నట్టు లోపలే ఆగిపోయింది బోల్టు కొస. అడిగితే "ఏటీ అవదమ్మా, నైలాక్ నట్టేశాను, ఊడదు" అన్నాడు. నైలాక్ నట్టులో పట్టు ఇచ్చే ప్లాస్టిక్ రింగు ఉండేదే చివర్న. బోల్టు ఆ రింగు దాకా రాకపోతే అది మామూలు నట్టు కిందే లెక్క. అదే చెప్పాను. అతను చిన్నోడి వైపు చూసి నవ్వాడు. చిన్నోడు కూడా "పదమ్మా, ఎండగా ఉంది" అన్నాడు. మెకానిక్ నవ్వు నేను పట్టించుకోను. వీడు అలా అనడమే నాకు పడలేదు. తాతయ్య బండి అని అంత ప్రేమ ఉన్నవాడు తాతయ్య మాట మరిచిపోతే ఎలా?

నాన్న నౌపడా-గుణుపురం చిన్న రైలు లైన్లో ఫిట్టరు. 1900లో పర్లాకిమిడి రాజావారు మొదట పర్లాకిమిడి దాకా వేయించిన రెండున్నర అడుగుల గేజి లైను, గుణుపురం దాకా తరవాత పొడిగించారు. ఆయన ఏ పానా పట్టినా చివర్న వేలితో తడిమి చూసేవారు. నట్టు దాటి బోల్టు మర చుట్లు, అంటే త్రెడ్లు, రెండైనా బయటికి తగలాలి. తగలకపోతే విప్పి మళ్లీ మొదలు. ఇంట్లో మంచం బోల్టుకైనా అదే పద్ధతి.

ఈ బండికి నాన్న హయాంలో ఒక గార్డు ఉండేది. ఒకరోజు పొద్దుగూకాక పాతపట్నం నుంచి వస్తూ మహేంద్రతనయ నది వంతెన దాటగానే ఇసుక మీద జారారు. కుడివైపు పడింది బండి. వంద కిలోలు దాటిన బరువు, ఆ పక్కనే కాలే సైలెన్సర్. గార్డు వంగిపోయి ఇంజిన్ దగ్గరికి వచ్చేసిందిగానీ, నేలకీ బండికీ మధ్య కాలు పట్టేంత సందు మిగిల్చింది. మోచేయి గీరుకుని, బండి తోసుకుంటూ ఇంటికొచ్చారు. అమ్మ ఏడుస్తుంటే ఆయన దీపం పట్టుకుని ఫ్రేము చూస్తున్నారు. మర్నాడు నన్ను పిలిచి దారం కొస వెనక చక్రం దగ్గర పట్టుకోమని, రెండో కొస ముందు చక్రం దాకా లాగి, ఒకసారి కుడి నుంచి, ఒకసారి ఎడమ నుంచి చూశారు. చక్రాలు రెండూ ఒకే వరసలో ఉన్నాయి. అప్పుడు గానీ ముఖం తేటపడలేదు. వంగిన గార్డు విప్పి పాత ఇనుముకి వేసేశారు. సరిచేయించుకోవచ్చు కదా అని అమ్మ అంటే, "ఒకసారి వంగిన ఇనుము రెండోసారి కాయదే. దాని పని అది చేసేసింది" అన్నారు. కొన్నాళ్లకే బండి నడపడం మానేశారు. కొత్త గార్డు ఊసే రాలేదు.

ఇది రాస్తూంటే సన్న గొట్టం మీద నా కోపం పోయింది. ఆ రోజు గార్డు వంగింది కాబట్టే ఫ్రేము నిలిచింది. లావుది పెడితే అది వంగదు, దెబ్బంతా బోల్టుల గుండా ఫ్రేముకి పోతుంది. గార్డు పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు, ఈ ఫ్రేము వంగితే బండే లేదు. మెకానిక్ ఇంత వివరంగా చెప్పకపోయినా బరువెందుకన్నది సరైన మాటే. పని తెలిసినవాడే. అందుకే బోల్టు దగ్గర అలా తీసిపారేయడం ఇంకా మింగుడుపడటం లేదు. పొడుగు బోల్టుకి ఎంతవుతుంది? అడిగితే ఇచ్చేదాన్ని.

గార్డు వేశామని నాకు ధీమా ఏం రాలేదు. బండి పక్కకి ఒరిగితే కాలికీ ఇంజిన్‌కీ అడ్డం, అంతవరకే. ఎదురొచ్చే లారీకి అది అడ్డం కాదు. వెనక టైరు అరిగింది, బ్రేకు షూలు కూడా చూపించాలి. హెల్మెట్ మాత్రం ఐఎస్ఐ ముద్రున్నదే, బకిల్ పెట్టుకోకుండా గుమ్మం దాటనివ్వను.

సాయంత్రం వాడు నన్ను వెనక కూర్చోబెట్టుకుని వంతెన దాకా తీసుకెళ్లాడు. గాలి బావుంది. అత్తయ్య కూడా గార్డు మెరుస్తోందని మెచ్చుకున్నారు.

రేపు పాత బోల్టు విప్పించి హార్డ్‌వేర్ కొట్టుకి నేనే పట్టుకెళ్తాను. అదే లావు, అదే త్రెడ్, పట్టీల మందం కలిపి పొడవు, తల మీద 8.8 అని, గట్టి ఉక్కు గుర్తు, అచ్చు ఉన్నది కావాలి. కొత్త నైలాక్ నట్టూ కావాలి, ఒకసారి బిగించి విప్పినదాన్ని నమ్మను. నాలుగు రోజులు నడిపాక మళ్లీ పానా పెట్టి చూడాలి, కొత్తగా బిగించినవి అదురుకి వదులవుతాయి. అదే మెకానిక్ దగ్గరికే వెళ్తాను, విప్పింది అతనే కాబట్టి. చిన్నోడు రేపు సెలవు పెట్టనంటే ఉదయగిరికి బస్సుంది.