బాడీ ఎవరు కట్టారు?

మా మావయ్య నలభై ఏళ్ళు విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీలు కట్టాడు. రోడ్డు మీద ఏ బండి కనబడినా ఆయన నోట్లోంచి మొదట వచ్చే మాట ఒకటే: "బాడీ ఎవరు కట్టార్రా?" మోకాళ్ళు మొరాయించి పని మానేశాక, హైదరాబాదు వెళ్ళి నిజాం కార్లు చూడాలన్న కోరిక పట్టుకుంది.

శుక్రవారం పొద్దున్నే రైలెక్కాం. చార్మినార్ దగ్గర ఆటో దిగి, లాడ్‌బజార్ గాజుల కొట్లు దాటి, చౌమహల్లా ప్యాలెస్ చేరేసరికి గేటు మూసుంది. శుక్రవారం సెలవట. రైలు టికెట్లు, గది అన్నీ ఫోన్లో చూసుకున్న నేను ఆ ఒక్క ముక్క చూసుకోలేదు. మావయ్య ఒక్క మాటా అనలేదు. తిట్టినా బాగుండేది. ఇరానీ చాయ్‌లో ఉస్మానియా బిస్కెట్లు ముంచుకు తింటూ ఆ పూట గడిపేశాం.

శనివారం మళ్ళీ వెళ్ళాం. ఖిల్వత్ దర్బారులో అందరూ తలెత్తి షాండ్లియర్లు చూస్తుంటే, మావయ్య మాత్రం "కార్లెక్కడ?" అని వాచ్‌మన్‌ని పట్టుకున్నాడు.

అద్దాల వెనక పసుప్పచ్చటి రోల్స్‌రాయిస్. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చిన బండి. ఆయన 1911 ఆగస్టులోనే పోవడంతో ఎక్కే యోగం లేకపోయింది. ఆ పసుపు ఆసఫ్‌జాహీల జెండా రంగు. వెనక సీటు సింహాసనంలా ఎత్తుగా ఉంటుంది. వందేళ్ళు దాటిన బండి తిరిగింది కొన్ని వందల మైళ్ళేనట.

"బాడీ?" అన్నాడు మావయ్య.

లండన్‌లో బార్కర్ కంపెనీ అని చెప్పాను. ఆ రోజుల్లో రోల్స్‌రాయిస్ వాళ్ళు ఇంజనూ, దాన్ని మోసే కింది చట్రం, అదే చాసిస్సూ చేసి ఇచ్చేవాళ్ళు, అంతే. బాడీ కట్టేవాళ్ళు వేరు. బార్కర్, హూపర్, ములినర్, పార్క్ వార్డ్, ఇలా చాలామంది. బార్కర్ వాళ్ళయితే 1710 నుంచీ గుర్రపు బగ్గీలు కట్టినవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక గానీ రోల్స్‌రాయిస్ వాళ్ళు ఫ్యాక్టరీ బాడీతో బండి అమ్మలేదు.

"అంటే మన లేలాండ్ చాసిస్ లాగానే గదరా!" అన్నాడు. మొహం వెలిగిపోయింది. క్యాబిన్ కూడా లేని ఉత్త చాసిస్ మీద కూచుని, తలకి తువ్వాలు చుట్టుకుని, హోసూరు నుంచి ఎండలో తోలుకొచ్చే డ్రైవర్లు గుర్తొచ్చి ఉంటారు. బాడీ బిల్డర్లు చాలామంది తలుపు గడప దగ్గర తమ పేరుతో చిన్న రేకు బిగించేవాళ్ళని నేను చెప్పడమే తప్పయింది. అది చూడాలని తెగ వంగాడు. వాచ్‌మన్ "పెద్దాయనా, తాడు దాటొద్దు" అని రెండుసార్లు కేకేశాడు.

అక్కడున్న బ్యూక్ కన్వర్టిబుల్ దగ్గర మాత్రం నిమిషం కూడా నిలబడలేదు. బ్యూక్‌లకి బాడీలు జనరల్ మోటార్స్ సొంత సంస్థ ఫిషర్ కట్టేది. "అన్నీ ఒకే అచ్చులో పోస్తే చూసేదేముంది" అని కదిలిపోయాడు. నాకైతే ఆ బ్యూకే ఎక్కువ నచ్చింది. పైకి అనలేదు.

అసలు తమాషా సాయంత్రం, రాణిగంజ్ వైపు ఒక షెడ్డులో. మావయ్య దగ్గర పని నేర్చుకున్నతను ఇప్పుడు పాత కార్లు బాగుచేస్తున్నాడు. "ఉస్తాద్, ఇది చూడండి" అని టార్పాలిన్ లాగాడు. డెబ్బైలనాటి రోల్స్‌రాయిస్, టాపు వెనక్కి మడిచి ఉంది. కార్నీష్ అని చెబితే ఓనరు కొన్నాడట.

1965లో వచ్చిన సిల్వర్ షాడోకి చాసిస్ వేరుగా లేదు, ఒళ్ళే ఎముక. దాని మీద ములినర్ పార్క్ వార్డ్ వాళ్ళు 1967 నుంచి టాపు మడిచే రెండు తలుపుల బండి కట్టారు. 1971లో దానికే కార్నీష్ అని పేరు పెట్టారు. ఫోన్లో ఫొటో తీసి చూపించాను. అసలు దానికి కిటికీ కింది గీత వెనక చక్రం ముందు కాస్త దిగి మళ్ళీ నడుం ఒంపులా లేస్తుంది. ఎదురుగా ఉన్న బండికి ఆ గీత స్కేలు పెట్టి గీసినట్టుంది. తలుపు కూడా పొట్టి.

మావయ్యకి ఫొటో అక్కర్లేదు. చొక్కా జేబులో ఎప్పుడూ ఉండే అయస్కాంతాన్ని జేబురుమాలులో చుట్టి తలుపుకి ఆనించాడు. అంటలేదు. "అల్యూమినియం, సరే. కంపెనీదే" అన్నాడు. తలుపు వెనక పలక మీద పెట్టాడు. అక్కడా అంటలేదు. ఇంకో జానెడు వెనక్కి జరిపితే టక్కున పట్టుకుంది. బొటనవేలితో పై నుంచి కిందికి రాస్తూ ఒకచోట ఆగాడు. నా వేలు కూడా అక్కడ పెట్టించాడు. పెయింటు కింద సన్నటి గట్టు. "వెనక తలుపుని గోడ చేశారు. అల్యూమినియానికీ ఇనుముకీ వెల్డింగ్ కుదరదుగా, లోపల రివెట్లు కొట్టి పైన లప్పం మెత్తారు."

శిష్యుడు బానెట్ ఎత్తి, కంపెనీ వాళ్ళు బిగించిన బండి నంబరు రేకు చదివాడు. మొదటి అక్షరాలు ఎస్ఆర్‌హెచ్. చదివి తనే నవ్వాడు. "మన క్రికెట్ టీమే ఉస్తాద్!" టాపు మడిచే కార్నీష్ అయితే మొదటి అక్షరం డి ఉండాలి. ఎస్ అంటే మామూలు నాలుగు తలుపుల బండి.

ఒక పక్క జాకీ పెట్టి లేపించాడు మావయ్య. ముందు తలుపు తీసి మళ్ళీ వేస్తే పడలేదు, వేలెడు దూరంలో ఆగిపోయింది. "మిద్దె పీకేసి గోడల్ని నిలబడమంటే ఎట్టా?" అన్నాడు. తర్వాత బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. గడపలు, డిక్కీ లోపల, సీట్ల కింద, ఎక్కడా ఏ పేరూ లేదు. మా ఊళ్ళో లారీకైనా వెనక తొట్టి మీద కట్టినవాడి పేరూ ఊరూ రాసుంటాయి.

ఇంతలో ఓనరు ఫోను. కొత్త టాపు గుడ్డకి ఎంతవుతుందని అడుగుతున్నాడు. శిష్యుడు నీళ్ళు నములుతూ "మీరే చెప్పండి ఉస్తాద్" అని ఫోను మావయ్యకిచ్చాడు.

"గుడ్డ సంగతి తర్వాత బాబూ. ముందు కింద రెండు వైపులా ఇనప బాక్సులు కట్టించాలి, లేకపోతే మధ్యలో విరుగుద్ది," అన్నాడు మావయ్య. కాస్సేపు ఆగి, ఇంకుండబట్టలేక అడిగాడు, "అది సరేగానీ, బాడీ ఎవరు కట్టారండీ?"