విప్పితే లక్షలు, నిలబడితే సున్నా: మా మండువా ఇంటితో నా అనుభవం

అమలాపురం దగ్గర మాకు తాతల నాటి మండువా లోగిలి ఉంది. నలువైపుల నుంచీ లోపలికి వాలే పెంకుల కప్పు, మధ్యలో ఆకాశం కనిపించే వాకిలి, అదే మండువా, చుట్టూ బర్మా టేకు స్తంభాలు. వీధి వసారాలో మా ఆవిడ టైలరింగ్ షాపు, పక్క గదులు రెండూ అతిథులకి అద్దెకి, వెనకవైపు మేమూ అమ్మా. ఇదీ ప్లాను. మొన్ననే షాపు తెరిచాం. కోపం చల్లారకముందే రాసేస్తున్నా.

ట్రేడ్ లైసెన్సు, ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే పత్రం), లింకు డాక్యుమెంట్లు (ఇల్లు చేతులు మారిన పాత దస్తావేజులు) ఇబ్బంది లేకుండా వచ్చాయి. దెబ్బ తగిలింది ఇంటి మీద లోన్ దగ్గర.

బ్యాంకు తరఫున వాల్యుయేషన్‌కి ఒక ఇంజినీరు వచ్చాడు. అమ్మ కాఫీ ఇచ్చింది. తాగుతూనే స్తంభాన్ని వేలితో కొట్టి, "స్లాబ్ లేదు కదండీ?" అన్నాడు. లేదన్నాను. ఏదో రాసుకుని వెళ్లిపోయాడు. రిపోర్టులో స్థలానికే విలువ కట్టారు. ఇంటి కట్టడం ఆయుష్షు తీరిపోయిందట, దాని విలువ సున్నా! మేనేజరు గారిని అడిగితే, పదిమంది వింటుండగా, "ఆ పాతది పడగొట్టి స్లాబ్ వేసుకోండి, అప్పుడు చూద్దాం" అన్నారు. అమ్మ నా పక్కనే ఉంది. కొత్తకోడలిగా ఆ గడపే తొక్కి వచ్చిన మనిషి. ఒక్క మాటా అనకుండా లేచి బయటికి వెళ్లిపోయింది.

అదే ఇంటి స్తంభాలకీ, ద్వారబంధాలకీ పాత కలప కొనే బ్రోకర్లు లక్షల్లో బేరం పెడుతున్నారు, రిసార్టులకి అమ్ముకోడానికి. ఇక లోగిళ్లు ఎలా మిగులుతాయి? వారసత్వ సంపద అంటూ స్టేజీలెక్కేవాళ్లు ముందు బ్యాంకుల ఆ వాల్యుయేషన్ ఫారాలు మార్పించాలి.

చివరికి అమ్మ గాజులు తీసిచ్చింది. గోల్డ్ లోన్ చకచకా వచ్చేసింది. ఆ బ్యాంకులో కాదు లెండి.

ఇంటి పనిలో మాత్రం నా మాటే నెగ్గింది. మేస్త్రి సిమెంటు పూత వేద్దామన్నాడు. సున్నపు గోడకి సిమెంటు పూస్తే లోపలి చెమ్మ బయటికి పోలేక, ఉప్పు పొంగి, పెచ్చులూడుతుంది. గుడి పనులు చేసే ఒక పెద్దాయన్ని వెతికి పట్టుకుని, బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి గానుగలో నూరిన డంగు సున్నమే వేయించాను. బాత్రూములు లోగిట్లో పెట్టలేదు, పెరట్లో గొడ్లసావిడిని మార్చాం. వైరింగుకి గోడలు చెక్కనివ్వలేదు, పైపులు గోడల మీదుగానే బయటికి కనిపించేలా లాగించాం. అసహ్యంగా ఉందని మా బావమరిది అన్నాడు. ఉండనీ.

కరెంటు మీటరు సంగతి మాత్రం ముందే చూసుకోండి. షాపుకీ, అతిథుల గదులకీ లైను మొదట్లోనే విడదీసి వేరే కమర్షియల్ మీటరు పెట్టించండి. లేదంటే ఇల్లంతా కమర్షియలే అంటారు, వంటింటి బల్బుతో సహా.