రాంపల్లి వైపు ఫ్లాట్ కొనే ముందు వేసుకున్న లెక్కలు

ఉద్యోగం హైదరాబాద్ పడమర వైపు రాయదుర్గంలో, బడ్జెట్టు 50 లక్షల లోపు. ఈ రెండూ పెట్టుకుని డబుల్ బెడ్‌రూమ్ వెతికితే కొండాపూర్, మణికొండ ముందే లిస్టులోంచి పోతాయి. మిగిలేవి ఊరి అంచులు: తూర్పున నాగారం, రాంపల్లి, ఘట్‌కేసర్, ఇటు బీరంగూడ, అటు తుర్కయాంజాల్. నేను రాంపల్లి వైపు గట్టిగా చూశాను. ధర అందుబాటులో ఉంది, గాలి బాగుంది, కొత్త అపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి. కారు లేకపోతే మాత్రం పాల ప్యాకెట్టు కూడా గగనమయ్యే కాలనీలూ అక్కడే ఉన్నాయి. అందుకే ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగు) రేటు పక్కన పెట్టి, ఆ ఇంట్లో బతకడానికి నెలకు ఎంతవుతుందన్న లెక్క ముందు వేసుకున్నాను.

ఈ లెక్కకు ఒక అంకె చాలు. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల హోమ్ లోన్ తీసుకుంటే లక్షకు నెలవారీ ఈఎంఐ సుమారు 868 రూపాయలు. అంటే దూరం వల్ల నెలకు అదనంగా 10,000 ఖర్చయితే, ఆ డబ్బుతో దగ్గర్లో 11.5 లక్షలు ఎక్కువ పెట్టి ఇల్లు కొనుక్కోవచ్చు. ఇలా మార్చి చూస్తే దూరానికి కూడా ఒక ధర కనబడుతుంది.

రాంపల్లి నుంచి రాయదుర్గం సుమారు 35 కిలోమీటర్లు. రానూపోనూ 70, నెలకు 22 పని రోజులు వేసుకుంటే 1,540 కిలోమీటర్లు. ట్రాఫిక్‌లో పెట్రోల్ కారు లీటరుకు 14 ఇస్తే చాలా గొప్ప. 110 లీటర్లు, లీటరు 107 చొప్పున దాదాపు 11,800. సర్వీసు, టైర్లు, ఇన్సూరెన్సు నెలకు పంచితే 15,000 దాటుతుంది. హోమ్ లోన్ భాషలో చెప్పాలంటే 17 లక్షలు. రెండో దారి, ఉప్పల్ దాకా కారులో వెళ్లి అక్కడ మెట్రో ఎక్కడం. ఉప్పల్ సుమారు 14 కిలోమీటర్లు. పెట్రోలు 4,700, మెట్రో టికెట్టు ఒక వైపు 69 చొప్పున నెలకు 3,000, పైన పార్కింగ్. మొత్తం 8,500 దగ్గర తేలుతుంది. నాగోల్–రాయదుర్గం లైనులో గంటకు దగ్గరగా పట్టినా ఆ సమయం కచ్చితం. రోడ్డు మీద ఆ నమ్మకం ఉండదు.

బ్రోచర్లలో అందరూ వేసేది ‘ఔటర్‌కి 5 నిమిషాలు’ అనే మాట. అది నిజమే అయినా, ఎవరికి పనికొస్తుందో చూడాలి. ఔటర్ రింగ్ రోడ్డు మెయిన్ క్యారేజ్‌వే మీదకి బైకుల్ని, ఆటోల్ని రానివ్వరు. వాళ్లకి సర్వీసు రోడ్డే గతి. పైగా తూర్పు నుంచి ఆఫీసు వైపున్న గచ్చిబౌలికి ఔటర్ మీద పోవడమంటే 158 కిలోమీటర్ల రింగులో దాదాపు సగం తిరగడం. శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు, ఊళ్లకు పోయేటప్పుడు ఔటర్ వరమే. రోజువారీ ఆఫీసుకు మాత్రం దాని దగ్గరతనాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. ఘట్‌కేసర్ ఎంఎంటీఎస్ లోకల్ రైలుని కూడా అంతే. లైను 2024 మార్చిలో మొదలైంది, కానీ రైళ్లు తక్కువ. టైము కుదిరిన వాళ్లకు మంచిదే, దాన్ని నమ్ముకుని ఇల్లు కొనకూడదు. రాబోయే ఫ్లైఓవర్లదీ ఇదే కథ. ఉప్పల్–నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగింది. ఈ రోజు కాలు పెట్టగలిగే రోడ్డునే లెక్కపెట్టాలి.

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది మెయిన్ రోడ్డు నుంచి ‘లోపలికి ఎంత’ అన్న ప్రశ్న. ఊరు 25 కిలోమీటర్లా 30 కిలోమీటర్లా అన్నది దాని తరవాతే. ఈసీఐఎల్–కీసర రోడ్డు మీద బస్సులు తిరుగుతాయి. ఆ రోడ్డుకు 400 మీటర్లలో ఉన్న ఫ్లాటూ, 2.5 కిలోమీటర్లు లోపల వెంచర్‌లో ఉన్న ఫ్లాటూ పేపరు మీద ఒకే ఏరియా. జీవితం మాత్రం వేరు. దగ్గర ఉంటే పిల్లలు కాలేజీకి బస్సెక్కుతారు, ఇంట్లో ఆడవాళ్లకు 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీలో ప్రయాణం ఉచితం, పనిమనిషి నడిచి వస్తుంది. లోపల ఉంటే పనిమనిషి పెట్రోలు డబ్బులు కలిపి అడుగుతుంది. అడగడం న్యాయమే. మందుల షాపుకు, ట్యూషన్‌కు, కూరగాయలకు ప్రతిసారీ బండి తీయాలి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగస్తులైతే రెండో కారు తప్పదు. ఆరు లక్షల కారు లోన్ 9.5 శాతానికి ఐదేళ్లు పెడితే నెలకు 12,600. చవక ఫ్లాటులో మిగిలిందంతా ఇక్కడ ఆవిరైపోతుంది. కాబట్టి ఒక కారు, ఒక స్కూటరుతో ఇల్లు నడుస్తుందా లేదా అన్నదే నేను ప్రతి ఫ్లాటుకూ పెట్టిన పరీక్ష.

ఆ పరీక్ష ఆదివారం మధ్యాహ్నం సైట్ విజిట్‌లో తేలదు. పని రోజు ఉదయం 8 గంటలకు గేటు దగ్గర నుంచి బయలుదేరి ఆఫీసు దాకా వెళ్లాలి, సాయంత్రం 6:30కి తిరిగి రావాలి. రాత్రి 8 తరవాత బస్టాపు నుంచి ఫ్లాటు దాకా నడవాలి. ఎన్ని వీధి దీపాలు వెలుగుతున్నాయి, ఖాళీ ప్లాట్ల దగ్గర కుక్కలు ఎన్ని, ఫుట్‌పాత్ ఎక్కడ ఆగిపోతోంది, అన్నీ ఆ నడకలో బయటపడతాయి. అదే చోటు నుంచి తెల్లవారుజామున 5:30కి, రాత్రి 10:30కి క్యాబ్ బుక్ చేసి చూడాలి. లోపలి వెంచర్లకు డ్రైవర్లు ఫోన్ చేసి ‘రిటర్న్ దొరకదు సార్, క్యాన్సిల్ చేయండి’ అంటారు. ఇంట్లో పెద్దవాళ్లుంటే ఈ ఒక్క మాటతోనే చాలా తేలిపోతుంది. పెద్ద వాన పడిన మర్నాడు ఇంకోసారి వెళ్లాలి. ఇటు చాలా కాలనీలకు దారి రైల్వే అండర్‌బ్రిడ్జి కింద నుంచే. అక్కడ నీళ్లు నిలిస్తే చుట్టుదారి ఎంతో ముందే తెలియాలి.

తరవాత నీళ్లు. మనిషికి రోజుకు 135 లీటర్లు చొప్పున నలుగురికి 540. అరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంటుకు 32,400 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు ఆరున్నర. బోర్లు ఎండిన నెలలో రోజుకు ఆరు ట్యాంకర్లు, ఒక్కోటి 800 వేసుకున్నా నెలకు 1,44,000. ఫ్లాటుకు 2,400, మెయింటెనెన్సు కాకుండా. బిల్డర్‌ని అడిగితే ‘మూడు బోర్లున్నాయి, మంజీరా (కుళాయి నీళ్ల) కనెక్షన్ వస్తోంది’ అంటాడు. నేను అడిగింది పక్కనే మూడు నాలుగేళ్ల కిందట పూర్తయిన అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ని. అతని దగ్గర ట్యాంకర్ పుస్తకం ఉంటుంది: తేదీ, టైము, బండి నంబరు, సంతకం. ఒకచోట నవంబరు పేజీలో నాలుగైదు గీతలే, ఏప్రిల్‌లో రోజుకు ఐదారు వరుసలు, మే నెలకు మార్జిన్‌లో కూడా రాసుకున్నారు. ఏ బ్రోచరూ ఇంత నిజం చెప్పదు. అక్కడే కుళాయి మూతి విప్పి జాలీ చూస్తే తెల్లటి పొర ఎంత గట్టిగా పట్టిందో తెలుస్తుంది. గీజరు, వాషింగ్ మెషీన్ ఎన్నాళ్లు వస్తాయో దాన్నిబట్టి అంచనా వేయొచ్చు. మురుగు ఎటు పోతుందో కూడా అడగాలి. లైను లేని చోట సెప్టిక్ ట్యాంకు బండి ఖర్చు మెయింటెనెన్సులో కలుస్తుంది.

కాగితాల సంగతి చాలామందికి తెలిసిందే కాబట్టి తప్పే చోట్లు మాత్రం చెబుతాను. పర్మిషన్ ఇచ్చేటప్పుడు పది శాతం బిల్టప్ ఏరియాను మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్ (తాకట్టు) చేయించుకుంటారు, ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) వచ్చాకే వదులుతారు. మనకు చూపించే ఫ్లాటు ఆ పది శాతంలో ఉందేమో శాంక్షన్ ప్లాన్‌లో, ఈసీలో (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూసుకోవాలి. పక్కన చెరువుంటే నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ లేక్స్ సైటులో ఎఫ్‌టీఎల్ గీత, అంటే చెరువు నిండితే నీళ్లు వచ్చే హద్దు, చూడాలి. పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే ఇల్లు కట్టకూడని జాగా. 2024లో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక ఈ గీతను తేలిగ్గా తీసుకునే రోజులు పోయాయి. ఎనిమిది కంటే ఎక్కువ ఫ్లాట్లున్న కొత్త ప్రాజెక్టయితే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) నంబరు ఉండాల్సిందే. ఓసీ రాని ఫ్లాటుకు జీఎస్టీ ఉంటుంది, మామూలుగా 5 శాతం. ఓసీ వచ్చాక కొంటే లేదు. రిజిస్ట్రేషన్ ఖర్చు 7.5 శాతం, 45 లక్షల మీద 3,37,500. ఇది లోన్‌లో రాదు, చేతిలో ఉండాలి.

అద్దెకు ఉండి చూడటం కూడా మంచి మార్గమే. అక్కడ 12, 13 వేలకు దొరికే ఫ్లాటుకు, 36 లక్షల లోన్ తీసుకుంటే ఈఎంఐ 31,000 పైనే. ఉద్యోగం మారే అవకాశం ఉన్నవాళ్లు పదకొండు నెలల అగ్రిమెంటు మీద ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడపడం ఉత్తమం. పిల్లల స్కూలు మార్చాల్సి వస్తుందనే నేను నేరుగా కొనుగోలు వైపు వెళ్లాను.

చివరికి మిగిలిన రెండింటిలో లోపలి ఫ్లాటు పెద్ద పార్కుతో నిజంగా అందంగా ఉంది. సాయంత్రం పిల్లలు రోడ్డు మీదే సైకిళ్లు తొక్కుకునేంత ప్రశాంతం. మెయిన్ రోడ్డు దగ్గరిది ఎస్‌ఎఫ్‌టీకి 450 ఎక్కువ, దుమ్మూ హారన్లూ అదనం. 1,100 ఎస్‌ఎఫ్‌టీకి తేడా 4.95 లక్షలు, ఈఎంఐలో 4,300. రెండో కారు 12,600 ముందు అది చిన్నది. కారు లోన్ ఐదేళ్లకు తీరినా పెట్రోలు తీరదు కదా. రోడ్డు వైపు కాకుండా వెనక బ్లాకులో ఫ్లాటు అడిగి తీసుకున్నాను. రాత్రిపూట ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే కారే దిక్కు, ఆ లోటు అక్కడా ఉంది. వేసవి మూడు నెలలకు ట్యాంకర్ల కింద 2,500 చొప్పున బడ్జెట్టులో పక్కన పెట్టాను. ఓసీ చేతికొచ్చాకే చివరి వాయిదా, మార్ట్‌గేజ్ ఫ్లాట్ల నంబర్లు అనుబంధంలో అని సేల్ అగ్రిమెంటులో రాయించాకే టోకెన్ మీద అడ్వాన్సు కట్టాను.