24 గంటల డబ్బా

కడుపుతో ఉన్న మనిషికి బీపీ పెరిగిందంటే అందరి నోటా ఒకటే మాట: "కంగారు పడి ఉంటావు." ఏడో నెలలో 148/96 వచ్చినప్పుడు మా అత్తయ్యా అదే అన్నారు, కొలిచిన నర్సూ అదే అంది. డాక్టరు మాత్రం అనలేదు. వీపుకు ఆనుడు ఇచ్చి, పాదాలు నేలకు ఆనించి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోమన్నారు. చేయి గుండె ఎత్తులో పెట్టించి మళ్లీ చూశారు. నాలుగు గంటలు ఆగి చూసినా 140/90కి పైనే ఉంది. 20 వారాలు దాటాక కొత్తగా ఇలా వస్తే కంగారు ఖాతాలో వేయకూడదన్నారు.

లాబెటలాల్ మాత్రలు రాశారు. నాకు పడ్డాయి. ఉప్పు మానేయమన్న సలహాలకైతే లెక్కే లేదు. జబ్బు మూలం మాయలో (ప్లాసెంటాలో) ఉంటే ఉప్పును ఆడిపోసుకుని ఏం లాభం?

అసలు కథ మూత్రం దగ్గర మొదలైంది. ప్రొటీన్ ఎంత పోతోందో చూడాలి, 24 గంటల మూత్రం పట్టి తెమ్మన్నారు. ల్యాబ్ కిటికీలో కుర్రాడు ఫోనులోంచి తల ఎత్తకుండా ఒక పెద్ద డబ్బా తోసి, "నిండాక తెచ్చేయండి" అన్నాడు. అంతే. అంత పొట్టతో వంగి, మగ్గులో పట్టి, ఒలకకుండా డబ్బాలో పోసి మూత బిగించడం పగలే కష్టం. ఇక అర్ధరాత్రి నిద్రమత్తులో సంగతి చెప్పక్కర్లేదు.

మర్నాడు డబ్బా తీసుకెళ్తే, అదే కుర్రాడు దాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి, హాలంతా వినేలా అడిగాడు: "మొదటిసారిది పారబోశారా?" పారబోయమని ఎవరు చెప్పారు? "అయితే ఇది పనికిరాదు, మళ్లీ పట్టండి." వరుసలో ఉన్నవాళ్లంతా డబ్బా వంక, నా వంక చూస్తున్నారు. పేరు రాసిన చీటీ తడికి చెదిరిపోయింది కాబట్టి "ఈ డబ్బా ఎవరిది?" అని ఇంకోసారి అరిచాడు కూడా. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండింది. ఆ మంటకు బీపీ ఎంతకు పోయి ఉంటుందో!

అతను చెప్పనిది నేను చెబుతాను. పొద్దున లేవగానే మొదటిసారిది వదిలేసి, టైము రాసుకోండి. అక్కడి నుంచి ప్రతిసారీ డబ్బాలోకే. మర్నాడు అదే టైముకు ఆఖరిసారిది కూడా అందులోనే. డబ్బా చల్లని చోట ఉంచండి. ఒక్కసారి పట్టిన మూత్రంలో ప్రొటీన్, క్రియాటినిన్ (మూత్రంలో పోయే ఒక వ్యర్థం) నిష్పత్తి చూసే పరీక్ష కూడా ఉంది. మీకు అది సరిపోతుందేమో డాక్టరును ముందే అడగండి. 24 గంటల మూత్రంలో ప్రొటీన్ 300 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ కింద లెక్క. నాది దాటింది. ప్రీఎక్లాంప్సియా అని తేల్చారు, అంటే కడుపుతో ఉండగా బీపీ పెరిగి మూత్రంలో ప్రొటీన్ పోయే జబ్బు.

తర్వాత ఒక రాత్రి తల పగిలిపోతున్నట్టు నొప్పి, కళ్ల ముందు మిణుకులు, కుడి డొక్క పైన పట్టేసినట్టు బాధ. ఇంట్లో గ్యాస్ అన్నారు. నేను వినలేదు, ఆసుపత్రికి తీసుకెళ్లమని పట్టుబట్టాను. అక్కడ బీపీ పై అంకె 160 దాటింది. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కించారు. ఒళ్లంతా పొయ్యి మీద పెట్టినట్టు సెగ. మాటిమాటికీ మోకాలి మీద చిన్న సుత్తితో తట్టి, కాలు ఎగురుతోందా లేదా అని చూసేవారు. ఆ మందు మోతాదు మించుతోందేమో అలా కనిపెడతారట. 36 వారాలు నిండాయి కాబట్టి ఇక ఆగలేదు, కాన్పు చేశారు. పాప కులాసా.

పురుడుతో బీపీ కూడా పోతుందని నిశ్చింతగా ఉండకండి. కాన్పయిన మూడో రోజు నుంచి ఆరో రోజు మధ్య అది మళ్లీ ఎగబాకవచ్చు, నాకు ఎగబాకింది. మాత్రలు ఇంకా వేసుకుంటున్నాను, రెండు పూటలా కొలిచి రాస్తున్నాను. మళ్లీ కడుపు వస్తే మూడో నెల నిండగానే తక్కువ మోతాదు ఆస్పిరిన్ మొదలుపెడదాం అన్నారు డాక్టరు. ఇప్పట్లో ఆ "మళ్లీ" అనే మాట నా ముందు ఎత్తవద్దని మా ఆయనకు చెప్పేశాను.